గోదావరి ఆనకట్ట కట్టించిన కాటన్ దొరగారు: ఆయన జీవితము, కుటుంబము



ఆదికాండము 26వ అధ్యాయములో ఇస్సాకు తన తండ్రి త్రవ్వించిన బావులను మరల త్రవ్వించిన సంగతి మనము చదువుచున్నాము. ఫిలిష్తీయులు మన్నుపోసి పూడ్చిన బావులవి. నీళ్లు పడగానే గెరారు కాపరులు వచ్చి ఆ నీళ్లు మావేయని జగడమాడిరి. ఇస్సాకు ఒక బావికి ఏశెకు అనియు, మరియొక దానికి శిత్నా అనియు పేరు పెట్టి, వాటిని విడిచి ముందుకు సాగెను. జగడము లేని మూడవ బావికి రహెబోతు అని పేరు పెట్టెను. నీళ్లున్నచోట దీవెన ఉండును, జగడము కూడ ఉండును. ఈ రెండును సమృద్ధిగా చూచిన యొక మనుష్యుని జీవితమును ఈ నెల మన పత్రికలో చెప్పదలచితిమి. ఆయనే సర్ ఆర్థర్ థామస్ కాటన్. మన పల్లెలలో పెద్దలు ఆయనను కాటన్ దొరగారని పిలుచుచుండిరి.

ఆయన ఇంగ్లండు దేశములో 1803వ సంవత్సరము మే 15వ తేదీన జన్మించెను. తండ్రి పేరు హెన్రీ కాల్వెలీ కాటన్. చెషైరు మండలములోని కుంబర్మియర్ అనుచోట నివసించిన పాత జమీందారీ వంశము వారిది. సైన్యములో పేరు పొందిన కుంబర్మియర్ ప్రభువు ఆర్థర్‌కు పెదతండ్రి కుమారుడు. అయితే హెన్రీ గారు తన తండ్రికి పదవ కుమారుడు. ఆర్థర్ తన తండ్రికి పదకొండుగురు కుమారులలో పదవవాడు. పదవవాని పదవ కొడుకునకు ఆస్తి ఏమి మిగులును? ఆ పిల్లలందరు తమ చేతికష్టమును నమ్ముకొని లోకములోనికి వెళ్లవలసిన వారైరి.

అట్లు వెళ్లిన వారిలో ఒకరు సిడ్నీ కాటన్. ఆయన సైన్యములో సేనాధిపతియై, 1857వ సంవత్సరపు తిరుగుబాటు కాలమున పెషావరులో ఉండెను. మరియొక అన్న రిచర్డ్ లించ్ కాటన్ బోధకుడై ఆక్స్‌ఫర్డ్‌లో వూర్‌స్టరు కళాశాలకు అధిపతిగా బహుకాలము పనిచేసెను. ఫ్రెడరిక్, హ్యూ అను సోదరులిద్దరును ఆర్థర్‌వలెనే మద్రాసు సైన్యములో ఇంజనీర్లైరి. ఒకే ఇంటిలో ఒకడు కత్తి పట్టెను, ఒకడు బైబిలు పట్టెను, ముగ్గురు కొలబద్ద పట్టిరి.

ఆర్థర్ పదునైదేండ్ల వయస్సున, 1818లో, ఈస్టిండియా కంపెనీవారి అడిస్కోంబు సైనిక పాఠశాలలో చేరెను. మరుసటి యేడే మద్రాసు ఇంజనీర్ల దళమునకు ఎన్నికాయెను. 1821లో మన దేశమునకు వచ్చి చెరువుల శాఖలో పని నేర్చుకొనెను. కొన్ని యేండ్లకు మొదటి బర్మా యుద్ధమునకు పంపబడెను. ఆ కాలముననే ఆయన హృదయములో మార్పు కలిగెను. పేరునకు మాత్రము క్రైస్తవుడైయుండిన యువకుడు ప్రభువును సొంత రక్షకునిగా ఎరిగినవాడాయెను. అప్పటినుండి ప్రార్థనయు, వాక్యపఠనమును ఆయన దినచర్యలో భాగములైనవి. తొంబది దాటిన ముసలితనము వరకు ఆ అలవాటు విడువలేదు.

బర్మానుండి తిరిగివచ్చిన తరువాత ఆయనకు తంజావూరు సీమలో కావేరి పని అప్పగించబడెను. అక్కడ కావేరి రెండు పాయలుగా చీలును. ఉత్తరపు పాయయైన కొల్లిడము పల్లమున నుండుటచేత నీరంతయు దానిలోనికి పోయి, కావేరి పాయ ఏటేట ఇసుకతో మెరక వేయుచుండెను. తంజావూరు పొలములు ఎండిపోవు స్థితికి వచ్చినవి. కొల్లిడమునకు అడ్డముగా ఆనకట్టలు కట్టిననే గాని గతి లేదు. అయితే లోతు తెలియని ఇసుకలో గోడ నిలుచుట ఎట్లు?

ఈ ప్రశ్నకు జవాబు ఆయనకు ఇంగ్లండు పుస్తకములలో దొరకలేదు. తిరుచిరాపల్లి దాపున, కరికాల చోళుడు కట్టించెనని జనులు చెప్పుకొను పురాతనమైన కల్లణై అను కట్టలో దొరికెను. ఇసుకలో బండరాళ్లు వేయగా అవి దిగును. దిగినకొలది మరల వేయుచుండగా కొంతకాలమునకు అవి కదలక నిలుచును. ఆ నిలిచిన రాతిమీద కట్టడము సాగించవచ్చును. ఈ విద్యను ఈ దేశపు పూర్వికులవద్దనే నేర్చుకొంటిమని ఆయన తరువాత బాహాటముగా ఒప్పుకొనెను. 1836లో కొల్లిడముపై ఎగువ ఆనకట్ట, దిగువ ఆనకట్ట పూర్తియైనవి. ఇస్సాకు తన తండ్రి బావులనే మరల త్రవ్వించెను గదా! కాటన్ దొరగారు పరాయి పెద్దలు కట్టిన కట్టయొద్ద శిష్యుడై కూర్చుండెను. నేర్చుకొనుటకు సిగ్గుపడనివానికే గొప్ప పనులు అప్పగింపబడును.

ఇంతకు ముందు జరిగిన యొక సంగతి మన తెలుగు సంఘములకు మిక్కిలి ముఖ్యమైనది. సెలవుపై ఇంగ్లండు వెళ్లిన కాటన్ దొరగారు తిరుగు ప్రయాణమున భూమార్గమున వచ్చుచు 1833లో బాగ్దాదు పట్టణములో దిగెను. అక్కడ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అను మిషనెరీ సేవచేయుచుండెను. తెగులు, వరద, యుద్ధము ఆ పట్టణమును పాడుచేసియుండెను. తెగులులో గ్రోవ్స్ గారి భార్యయు చనిపోయియుండెను. ఆ దుఃఖములోనున్న సేవకుని కాటన్ దొరగారు తనతో హిందూదేశమునకు తోడుకొని వచ్చెను. గ్రోవ్స్ గారు ఇక్కడి అక్కరను చూచి ఇంగ్లండు వెళ్లి, 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులను వెంటబెట్టుకొని వచ్చెను. ఆ రెండు కుటుంబములవారు మచిలీపట్టణమునకు, పిమ్మట నరసాపురము, పాలకొల్లు ప్రాంతములకు చేరి గోదావరి డెల్టా మిషనుకు పునాది వేసిరి. ఆనకట్ట పని జరుగు దినములలో బౌడెన్ గారు ధవళేశ్వరములో కూలివారి మధ్య సువార్త ప్రకటించెను. బాగ్దాదులో జరిగిన యొక కలయికనుండి గోదావరి లంకలలో సంఘములు మొలిచినవి.

ఇక గోదావరి సంగతికి వచ్చెదము. 1832-33లో వచ్చిన నందన కరువును మన పెద్దలు డొక్కల కరువు అనిరి. గుంటూరు సీమలో మూడవ వంతు వరకు జనులు చనిపోయిరని అంచనా. 1839లో సముద్రపు ఉప్పెన కోరంగి తీరమును ముంచెను. రాజమహేంద్రవరపు జిల్లాలో 1821లో 7,38,308 మంది జనులుండగా, 1841 నాటికి 5,61,041 మంది మిగిలిరి. ఇరువది యేండ్లలో ఒక లక్షా డెబ్బది యేడు వేలమంది తగ్గిపోయిరి. వారిలో చనిపోయినవారు కొందరు, ఊళ్లు విడిచి పోయినవారు కొందరు. ఇదంతయు నిండు గోదావరి ఒడ్డుననే జరిగెను. వానకాలమున వరద పొలములను ముంచి సముద్రమున పడును; తరువాత నది పల్లమునకు దిగిపోవును; ఒడ్డుమీద చేను ఎండును. నీళ్లు కనబడుచునే యుండును గాని నోటికి అందవు.

ఈ జిల్లా క్షీణించుటకు కారణమేమని విచారించుటకు సర్ హెన్రీ మాంట్‌గోమరీ గారిని ప్రభుత్వము పంపెను. నీటిపారుదల పనులు చేయవలెననియు, అందుకు కాటన్ తగినవాడనియు ఆయన వ్రాసెను. అప్పుడు కాటన్ దొరగారు విశాఖపట్టణములో సముద్రపు కోతను ఆపుటకు రాతి గట్లు వేయించుచు, అక్కడ యొక దేవాలయము కట్టించుచు ఉండెను. ఆయన గోదావరి గట్టునంతయు తిరిగి చూచి 1844, 1845 సంవత్సరములలో నివేదికలు పంపెను. 1846 డిసెంబరులో అనుమతి వచ్చెను. 1847లో పని మొదలాయెను.

ధవళేశ్వరమువద్ద నది నాలుగు మైళ్ల వెడల్పు. నడుమ లంకలున్నవి గనుక ఆనకట్టను ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఏర్పరచిరి. కట్టడపు నిడివి అన్నియు కలిపి 11,866 అడుగులు, అనగా రెండుంబావు మైళ్లు. ఎత్తు 12 అడుగులు. వరద వచ్చినప్పుడు నీరు దానిమీదుగా పొర్లిపోవును. వరద తీసినప్పుడు అదే కట్ట నీటిని పైకెత్తి ఇరుప్రక్కల కాలువలలోనికి త్రిప్పును. దిగువన నీటి ఉరవడికి ఇసుక కోసుకొనిపోకుండ పెద్దరాళ్లు పరచిరి. రాయి ధవళేశ్వరపు కొండనుండియే వచ్చెను. అంత గొప్ప పనికి కాటన్ దొరగారు అనేకమంది ఇంజనీర్లను కోరగా, కొద్దిమంది కుర్రవారిని మాత్రము ఇచ్చిరి. వారితోనే సరిపెట్టుకొనెను. కూలివారు సుమారు 10,000 మంది పనిచేసిరి.

ఒక్కరి పేరు చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. 1848లో ఎండదెబ్బకు కాటన్ దొరగారి ఆరోగ్యము చెడి సెలవుమీద ఆస్ట్రేలియా వెళ్లవలసి వచ్చెను. 1850లో ఆయన తిరిగి వచ్చువరకు కెప్టెన్ ఓర్ గారు పని నడిపించెను. ఆ ఓర్ గారే 1852లో బెజవాడవద్ద కృష్ణ ఆనకట్ట పని మొదలుపెట్టి 1855లో ముగించెను. వైనతేయ పాయమీద గన్నవరమువద్ద 49 కమానులతో అక్విడక్టు కట్టించి నగరము లంకకు నీరు దాటించినవాడు యువకుడైన లెఫ్టినెంటు హేగ్. కూలివారిని కూడగట్టి, వారి బాగోగులు చూచి, పని సాగించిన తెలుగువాడు వీణెం వీరన్నగారు. ఇక తట్టలు మోసిన వేలాదిమంది పేర్లు ఏ రాతిపలకమీదను లేవు. నెహెమ్యా గ్రంథము 3వ అధ్యాయములో గోడ కట్టినవారి పేర్లు వరుసగా వ్రాయబడినవి. మన గోదావరి కట్టినవారికి అట్టి అధ్యాయము ఈ లోకములో లేదు. దేవుని యొద్ద కలదని మేము నమ్ముచున్నాము. 1852లో ఆనకట్ట పూర్తియాయెను.

ఆయన ఇంటి సంగతి కూడ చెప్పవలెను. కావేరి పని తరువాత ఆరోగ్యము చెడి టాస్మేనియా దీవికి వెళ్లినప్పుడు, అక్కడ స్థిరపడిన లియర్‌మంత్ అను కుటుంబపు కుమార్తె ఎలిజబెత్‌ను 1841లో వివాహమాడెను. 1842 డిసెంబరులో అక్కడనే వారికి కుమార్తె జన్మించెను. ఆమెకును ఎలిజబెత్ అనియే పేరు పెట్టిరి. వారి కుమారుడు ఆల్‌ఫ్రెడ్ సైన్యములో చేరెను. ఆ కుమార్తె పెద్దదై, డార్కింగు ఊరిలో త్రాగుడునకు బానిసలైన పనివారికొరకు కాఫీ గదులు తెరచి, వారికి వాక్యము చెప్పుచుండెను. 1877లో అడ్మిరల్ సర్ జేమ్స్ హోప్ గారిని వివాహమాడి లేడీ హోప్ అని పిలువబడెను. తండ్రి చనిపోయిన మరుసటి యేట, 1900లో, ఆయన జీవితచరిత్రను ప్రచురించెను. 1922లో ఆమె ఆస్ట్రేలియాలోని సిడ్నీ పట్టణమున చనిపోయెను.

ఇచ్చట ఒక హెచ్చరిక. శాస్త్రజ్ఞుడైన డార్విన్ మరణమునకు ముందు తన సిద్ధాంతమును గూర్చి పశ్చాత్తాపపడెనను కథ మన కూటములలో అప్పుడప్పుడు వినబడుచుండును. 1915లో అమెరికాలో అచ్చయిన ఆ కథ ఈ లేడీ హోప్ గారు చెప్పినదే. అయితే డార్విన్ పిల్లలు అది నిజము కాదని ఖండించిరి. ఆమె మంచి పనులు మంచివే. గాని రుజువు లేని కథతో సువార్తకు బలము చేకూర్చవలసిన అవసరము మనకు లేదు. సత్యమును ప్రకటించువారు సత్యమునే చెప్పవలెను.

కాటన్ దొరగారికి 1861లో సర్ బిరుదు వచ్చెను. అయితే ఆయన నెమ్మదిగా కూర్చుండలేదు. రైళ్లకు పోసినంత ధనములో కొంత కాలువలకు పోసిన యెడల కరువు తీరుననియు, పడవలమీద సరుకు చవుకగా పోవుననియు వాదించుచునే యుండెను. నదులను కాలువలతో కలుపవలెననెను. ఆయన వాదములన్నియు నెగ్గలేదు. తుంగభద్రమీద సుంకేశులవద్ద ఆనకట్ట కట్టి కర్నూలు, కడపలకు కాలువ త్రవ్వుటకు ఆయన ప్రోత్సాహముతో ఏర్పడిన కంపెనీ నష్టపోయెను. చివరకు 1882లో ప్రభుత్వము ఆ కాలువను కొనెను. ఆ నష్టమును చూపి విరోధులు ఆయనను ఎగతాళి చేసిరి. 1878లో పార్లమెంటు కమిటీ యెదుట నిలిచి కఠినమైన ప్రశ్నలకు జవాబు చెప్పవలసి వచ్చెను. అప్పటికాయన వయస్సు 75. ఆ దినములలోనే దక్షిణదేశమును ధాత కరువు నాశనము చేసియుండెను. ఆ కరువులో గోదావరి, కృష్ణ డెల్టాల ధాన్యము అనేకుల ప్రాణములు నిలిపెను. ఐగుప్తులో యోసేపు కొట్లువలె ఈ కాలువలు పనికివచ్చినవి. ఏ మాటకన్న ఆ ధాన్యమే ఆయన పక్షమున గట్టిగా సాక్ష్యమిచ్చెను. నష్టము తెచ్చెనన్న కర్నూలు కడప కాలువ క్రింద నేటికిని పైరు పండుచున్నది.

ముసలితనములో డార్కింగులో నివసించుచు అరబీ భాషకు మొదటి పుస్తకము వ్రాసెను. నేలను లోతుగా త్రవ్వి గోధుమ ఎక్కువ పండించుట ఎట్లో తొంబదియేండ్లు దాటినను తన తోటలో పరీక్షించుచుండెను. 1899వ సంవత్సరము జూలై 24వ తేదీన, 96 యేండ్ల వయస్సున ప్రభువునందు నిద్రించెను. డార్కింగులోనే సమాధి చేసిరి.

ఆయన కట్టించిన పాత ఆనకట్ట స్థానములో ఇప్పుడు ఆయన పేరిట బరాజు నిలిచియున్నది. అది 1970లో శంకుస్థాపనయై 1982లో ప్రారంభింపబడెను. దానిక్రింద సుమారు 10 లక్షల ఎకరములు పండుచున్నవి. ధవళేశ్వరములో ఆయన పేర మ్యూజియము కలదు. అనేక గ్రామములలో రైతులు ఆయన విగ్రహములు నిలిపి, మే 15న దండలు వేయుదురు, పాలతో అభిషేకము చేయుదురు. గోదావరి స్నానపు సంకల్పములో ఆయనను భగీరథునిగా తలచుకొను పండితులును కలరు.

దీనిని చూచి మన క్రైస్తవులలో కొందరు ఆయన మనవాడని అతిశయపడుదురు. మరికొందరు ఆయన కంపెనీ ఉద్యోగి మాత్రమే, శిస్తు పెంచుటకే కాలువలు త్రవ్విరి అందురు. రెండు మాటలను నెమ్మదిగా తూచి చూడవలెను. కంపెనీకి రాబడి పెరిగిన మాట నిజమే. రాబడి చూపనిదే డబ్బు మంజూరగునది కాదు. నీరు భూమిగలవాని చేనికి పారెను. భూమి లేనివానికి కూలి మాత్రము దొరికెను. మన సంఘములలో అనేకుల ముత్తాతలు ఆ తట్టలు మోసినవారి జాతివారే. తాము త్రవ్విన కాలువక్రింద వారికి సెంటు నేల లేకపోయెను. ఈ మాట దాచి కాటన్ దొరగారిని పొగడుట సరికాదు. అయినను ఆకలి చావులు చూచి ఊరకుండక, జబ్బుతో మంచమెక్కినను లేచివచ్చి, ఎగతాళి పడినను మాట మార్చుకొననివానిని కాదనుటయు సరికాదు. ఘనత ఇయ్యవలసినవానికి ఘనత ఇయ్యవలెను. పూజ మాత్రము దేవునికే చెందును. కాటన్ దొరగారు బ్రదికియుండిన యెడల తన విగ్రహమునకు పోయు ఆ పాలు పసిబిడ్డలకు ఇయ్యుడనియే చెప్పియుండెడివాడని మేము తలంచుచున్నాము.

ప్రియులారా, ఆయన మనకు విడిచిన ప్రశ్న యొకటి కలదు. నాలుగు మైళ్ల నదిని ఒక మనుష్యుడు త్రిప్పి మన ఊరి బోదెవరకు పంపెను. ఆ బోదెలో నీటిని మనమేమి చేయుచున్నాము? రాత్రివేళ తూము తెరచి, తన చేను నిండిన తరువాతను మూయక, శివారు రైతు నారు ఎండగట్టువాడు ఆదివారమున మనతో కూర్చుండి పాట పాడిన యెడల ఆ పాట దేవుని యొద్దకు చేరునా? ఎగువనున్న మన చేను నిండిన తరువాత దిగువవానికి విడుచుటకు లక్షల రూపాయలు అక్కరలేదు, ఇంజనీరు అక్కరలేదు. లేచి వెళ్లి ఒక పలక దించిన చాలును. ఈ సార్వాలో కాలువలు వదలు దినమున ప్రతి ఊరి సంఘస్థులు పార పట్టుకొని శివారువరకు బోదె పూడిక తీయవలెననియు, నేల లేని సహోదరునికి ఆ పనిలో న్యాయమైన కూలి ముట్టవలెననియు మేము కోరుచున్నాము. అప్పుడు మన ఊరి బోదెకు కూడ రహెబోతు అని పేరు పెట్టుకొనవచ్చును.